పొగిడారా, వెటకారం చేశారా? గుర్తుపట్టడం ఎలా?

పాలమూరు ప్రవాసి (చర్చ ప్రారంభించినవారు), సోమవారం రాత్రి 9:40

నేను పుట్టి పెరిగింది మహబూబ్‌నగర్ జిల్లాలో. ఏడాదిన్నరగా కాకినాడలో ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఇక్కడి మనుషుల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. జ్వరంతో గదిలో పడి ఉన్న మూడు రోజులూ ముగ్గురి ఇళ్ల నుంచి క్యారేజీలు వచ్చాయి. నా ఇబ్బంది అంతా వాళ్ల మాటలతోనే.

పోయిన నెల నేను ఇవ్వాల్సిన నెలవారీ నివేదిక నాలుగు రోజులు ఆలస్యమైంది. ఐదో రోజు పొద్దున మా పై అధికారి నా బల్ల దగ్గరికి వచ్చి, నా కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి, చాలా మెత్తగా, "ఇంతలా కష్టపడిపోతే ఆరోగ్యం ఏమైపోతుందండీ, కాస్త విశ్రాంతి తీసుకోండి" అన్నారు. నేను లేచి నిలబడి, "థాంక్యూ సార్, మీరొక్కరే గుర్తించారు" అన్నాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. పక్క బల్ల ఆయన ఫైలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయనే చెప్పేదాకా, అది నా ఆలస్యం మీద వేసిన చురక అని నాకు తట్టనే లేదు. ఆ రోజు నుంచి మా అధికారి నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నారు.

అడగదలచుకున్నది ఇదీ. పైకి పొగడ్తలా, పరామర్శలా వినిపించే మాటలో వెటకారం ఉందని అప్పటికప్పుడు పట్టుకోవడానికి ఆనవాళ్లు ఏవైనా ఉన్నాయా? ఉంటే, బయటి ప్రాంతం నుంచి వచ్చినవాడు దాన్ని తిరిగి వాడవచ్చా, లేక నోరు మూసుకుని ఉండడమే మేలా?

కోనసీమ కొబ్బరాకు, సోమవారం రాత్రి 10:25

మీ అవస్థ చదివి నవ్వుకున్నందుకు ముందుగా క్షమించండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా వైపు కోపాన్ని నేరుగా చూపడం కాస్త మోటు పని అనుకుంటారు. అందుకని కోపం వచ్చినప్పుడు మర్యాద పెంచుతారు. మీరు పట్టుకోవాల్సింది ఆ పెంపునే. రోజూ "ఏమయ్యా" అనే మనిషి ఒకనాడు "తమరు" అన్నాడంటే, రోజూ "రండి" అనే మనిషి "దయచేయండి" అన్నాడంటే, ఆ అదనపు మర్యాద ఎందుకొచ్చిందో ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి. పొద్దెక్కి నిద్రలేచిన కొడుకుని మా అమ్మ "దొరగారు లేచారా" అనే అడిగేది. వేళకు లేచిన రోజున మాత్రం "లేచావా, పళ్లు తోముకో" అనేది.

నా చిన్నప్పటి సంగతి ఒకటి చెబుతాను. కొబ్బరితోటలో దింపు పని జరుగుతోంది. ఆరింటికి రావాల్సిన మనిషి పదకొండింటికి వచ్చాడు. మా నాన్నగారు చేతి గొడుగు కింద నిలబడి, "అప్పుడే వచ్చేశారేంటండీ, ఎండ తగ్గాక వస్తే సరిపోయేది కదా" అన్నారు. ఆయన తలపాగా సరిచేసుకుంటూ, "తమరొక్కరూ ఎండలో నిలబడిపోతే చూడలేకపోయానండి, ఆయ్" అన్నాడు. నాన్నగారు నవ్వేశారు. కూలిలో రూపాయి కోయలేదు. మా దగ్గర వెటకారం ఇలా ఇద్దరూ కలిసి ఆడే ఆట. ఒకవైపు నుంచి బంతి వస్తే రెండోవైపు నుంచి కూడా రావాలి. మాట పడి ఊరుకున్నవాణ్ని చూస్తే అన్నవాడికి కూడా ఏదోలా ఉంటుంది.

అలంకారప్రియ, మంగళవారం ఉదయం 7:10

డిగ్రీ కళాశాలలో తెలుగు చెప్పేదాన్ని కనుక నా అలవాటు కొద్దీ మాట పుట్టుక దగ్గర మొదలుపెడతాను. మనం ఎగతాళి అనే అర్థంలో వాడుతున్న 'వ్యంగ్యం' అనే మాటకు అలంకారశాస్త్రంలో అర్థం అది కాదు. శబ్దానికి అభిధ (నేరుగా వచ్చే అర్థం చెప్పేది), లక్షణ (నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన వేరే అర్థం చెప్పేది), వ్యంజన (చెప్పకుండానే స్ఫురింపజేసేది) అని మూడు శక్తులు చెప్పారు. వ్యంజన వల్ల స్ఫురించే అర్థం ఏదైనా, అది ప్రేమ కానీ, దిగులు కానీ, కోరిక కానీ, వ్యంగ్యమే. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టింది ఈ పునాది మీదే. అంత విశాలమైన మాట తెలుగు వాడుకలో కుంచించుకుపోయి ఎత్తిపొడుపు దగ్గర ఆగిపోయిందంటే, చెప్పకుండా చెప్పడాన్ని మనవాళ్లు ఎక్కువగా దేనికి వినియోగించారో ఊహించుకోవచ్చు.

పాలమూరు గారి సందేహానికి సరిగ్గా సరిపోయే ఉదాహరణ పదకొండో శతాబ్దపు మమ్మటుడి కావ్యప్రకాశంలో ఉంది. తనకు అపకారం చేసిన స్నేహితుడితో ఒకడు ఇలా అంటాడు: ఎంతో ఉపకారం చేశావు, దాన్ని గురించి ఏమని చెప్పను, నీ మంచితనం అందరికీ తెలిసింది, ఎప్పుడూ ఇలాగే చేస్తూ నూరేళ్లు సుఖంగా ఉండు మిత్రమా. ఆ శ్లోకంలో ఒక్క తిట్టు మాట కూడా లేదు. ముందు జరిగిన అపకారం తెలిసినవాడికి అది నిప్పు, తెలియనివాడికి ఆశీర్వాదం. అందుకే ఆనవాలు వాక్యంలో వెతికితే ఎప్పుడూ దొరకదు. వాక్యానికీ, అంతకుముందు జరిగినదానికీ పొత్తు కుదరకపోవడమే ఆనవాలు. మీ కథలో ఆ పొత్తును చెడగొట్టింది నాలుగు రోజుల ఆలస్యం. మీరు ఆరోగ్యం అనే మాట విన్నారు, క్యాలెండరు చూడలేదు.

ఇంకొక సంగతి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. చమత్కారానికి ఇద్దరూ నవ్వుతారు. వెటకారంలో అన్నవాడు నవ్వు దాచుకుంటాడు. ఎత్తిపొడుపులో నవ్వు ఉండదు, పాత లెక్క ఉంటుంది. చేసిన మేలునో, ఎదుటివారు చేసిన తప్పునో పదేపదే గుర్తుచేస్తే అది దెప్పడం. నిష్ఠూరం మాత్రం మనవాళ్లు అనుకున్నవాళ్ల మీదే ఆడతాం. "మేమెక్కడ గుర్తుంటాం లెండి" అన్న మాట అడుగున ఉన్నది, ఒకసారి వచ్చి పొమ్మనే పిలుపు.

సీమ రేగడి, మంగళవారం మధ్యాహ్నం 1:35

కొబ్బరాకు గారు చెప్పిన తోట కథ బాగుంది కానీ, అందులో ఆయన చూడని కోణం ఒకటి ఉంది. ఆ కూలి మనిషి అంత చక్కగా బదులు చెప్పగలిగింది మీ నాన్నగారు నవ్వే మనిషి అని ముందే తెలుసు కనుక. నవ్వని ఆసామి దగ్గర అదే మాట అంటే మరునాటి నుంచి పని ఉండదు. పాలమూరు గారి అధికారి ఆలస్యం మీద అసంతృప్తి ఉంటే, "నివేదిక నాలుగు రోజులు ఆలస్యమైంది, కారణం ఏమిటి" అని అడగవచ్చు. నలుగురి ముందు చురక వేసి, ఎదుటివాడికి జవాబు చెప్పుకునే అవకాశం కూడా లేకుండా చేయడం ఏ రకమైన మర్యాద? కింద పనిచేసే మనిషి పైవాడితో ఆ ఆట ఆడలేడు. బంతి ఒకవైపు నుంచే వచ్చే ఆటను మా నంద్యాల వైపు ఆట అనరు.

మాకు వెటకారం రాదని కాదు. "బో చెప్పొచ్చినావులే" అన్న మూడు మాటల్లో మేం ఒక పూట ఉపన్యాసాన్ని కొట్టిపారేస్తాం. అయితే అది వెటకారమని విన్నవాడికి వెంటనే తెలుస్తుంది. తెలియకుండా చేయడంలో ఉన్న గొప్పతనం ఏమిటో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

డల్లాస్ అమ్మ, మంగళవారం రాత్రి 11:50

మా ఇంట్లో పోయిన వేసవిలో జరిగినది చెబితే ఈ చర్చకు పనికొస్తుందేమో. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంది. మా అబ్బాయికి పదకొండేళ్లు. తెలుగు బాగానే మాట్లాడతాడు. ఒక రోజు తిన్న పళ్లెం బల్ల మీదే వదిలేసి లేచాడు. మా అమ్మ అటు చూడకుండానే, "అక్కడే ఉంచు నాయనా, తీస్తే చేతులు కందిపోతాయి" అంది. వాడు వెనక్కి తిరిగి, "థాంక్స్ అమ్మమ్మా" అని చెప్పి సంతోషంగా పైకి వెళ్లిపోయాడు. మా అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు రోజులూ వాడు పళ్లెం తీయలేదు; అమ్మమ్మే కదా వద్దన్నది!

వాడికి వ్యంగ్యం తెలియకపోవడం కాదు. బడిలో స్నేహితులతో ఇంగ్లీషులో రోజంతా అదే పని. అక్కడ గొంతు సాగదీయడం, కళ్లు పైకి తిప్పడం వంటి గుర్తులు ఉంటాయి, వాటిని వాడు ఇట్టే పట్టుకుంటాడు. మా అమ్మ ఎత్తిపొడుపు అలా ఉండదు. గొంతు మారదు, మొహం మారదు, పైగా 'నాయనా' చేరుతుంది. ఆ 'నాయనా' ఎంత మెత్తగా పడితే అంత ప్రమాదమని పెరిగిన మాకు తెలుసు. వాడికి మేం నేర్పిన తెలుగులో 'నాయనా' అంటే ముద్దు మాత్రమే. భాష నేర్పాం అనుకున్నాం కానీ దాని వెనక ఉన్న ఇల్లు నేర్పలేకపోయాం అనిపించింది.

మాట సవరణ, బుధవారం ఉదయం 8:20

నేను మాట, భాష సమస్యలున్న పిల్లలతోనూ పెద్దలతోనూ పనిచేసే థెరపిస్టును. డల్లాస్ అమ్మ గారి అబ్బాయి విషయంలో దిగులు పడాల్సింది ఏమీ లేదు. అన్న మాటకూ, మనసులో ఉన్న మాటకూ తేడా ఉందని పిల్లలు సుమారు ఐదారేళ్ల వయసులో పట్టుకోవడం మొదలుపెడతారు. అలా ఎందుకన్నారు, నవ్వించడానికా, నొప్పించడానికా అన్నది తేల్చుకోవడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది. అదీ తాము రోజూ వినే భాషలో.

ఈ పని మెదడుకు ఎంత భారమో చూడండి. వాక్యం అర్థం కావాలి, అది పరిస్థితికి సరిపోలేదని తెలియాలి, మాట్లాడినవారికి కూడా ఆ సంగతి తెలుసునని మనకు తెలియాలి, మనకు తెలుస్తుందని వారు అనుకున్నారని కూడా ఊహించాలి. మెదడుకు దెబ్బ తగిలినవారిలో ఈ శక్తి ఎంత మిగిలిందో చూడడానికి ఆస్ట్రేలియాలో రూపొందించిన టాసిట్ అనే పరీక్ష ఉంది. అందులో నటులు చిన్న చిన్న సంభాషణలను ఒకసారి నిజాయితీగా, ఇంకొకసారి వెటకారంగా నటించిన వీడియోలు చూపించి, ఆ మనిషి ఉద్దేశం ఏమిటని అడుగుతారు. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులో, మామూలు మాటలు చక్కగా అర్థమవుతున్న దశలోనే వెటకారం అర్థం కాకుండా పోవడం కనిపిస్తుంది. ఆటిజం ఉన్నవారిలో చాలామంది మాటను మాటగానే తీసుకుంటారు. అది తెలివితక్కువతనం కాదు. ఇంట్లోనో, ఆఫీసులోనో ఒకరు మన ఎత్తిపొడుపు పట్టుకోలేకపోతే "మట్టిబుర్ర" అనేసే ముందు ఇది గుర్తుంచుకుంటే బాగుంటుంది. అలాంటివారితో నేను నేరుగా మాట్లాడతాను, అంతే.

మౌనసాక్షి, బుధవారం రాత్రి 10:05

ఇక్కడ రెండేళ్లుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

అన్యాపదేశం అని ఒకటి ఉంది, ఒకరిని అనదలచుకున్నది ఇంకొకరి మీద పెట్టి అనడం. ఎవరూ ప్రస్తావించలేదు. మా అత్తగారు నన్ను పద్నాలుగేళ్లలో ఒక్క మాట కూడా నేరుగా అనలేదు. ఊళ్లో ఎవరిని అడిగినా చెబుతారు. ఆవిడ మాట్లాడేది గేదెతో. పొద్దున పాలు పిండుతూ, నేను వంటింట్లో ఉన్నప్పుడు వినిపించేంత గొంతుతో, "నీకేమే తల్లీ, మహారాణివి, వేళకు మేత వస్తుంది, పుట్టింటివాళ్లు ఏమీ పెట్టకపోయినా ఇక్కడ లోటేముంది" అంటారు. ఆ గేదెను మేం పాలకొల్లు సంతలో కొన్నాం. దానికి పుట్టిల్లు ఏమిటి? ఒకసారి కళ్లనీళ్లు పెట్టుకుని మా ఆయనతో చెబితే ఆయన వెళ్లి అడిగారు. "నేను గొడ్డుతో మాట్లాడుకోవడం కూడా తప్పేనా, ఆ మాత్రం దానికే గుచ్చుకుంటే దాని మనసులో ఏముందో మరి" అన్నారు. ఆ తర్వాత నేనెప్పుడూ చెప్పలేదు.

ఇలాంటి మాటల్లోని సౌకర్యం అదే. అన్నవారు అనలేదని చెప్పవచ్చు, పడినవారు పడ్డామని చెప్పుకోలేరు. పాలమూరు గారూ, మీకు అర్థం కాకపోవడం ఒక్కోసారి వరమండీ.

కోనసీమ కొబ్బరాకు, బుధవారం రాత్రి 10:50

మౌనసాక్షి గారి టపా చదివాక, నేను మొదట రాసిన మాటలు కొంత సవరించుకోవాలి. మా వైపు వెటకారాన్ని మేం ఒక కళగా చెప్పుకుని మురిసిపోతాం కానీ, వినక తప్పని మనిషి మీద రోజూ ప్రయోగిస్తే అది కళ కాదు. సీమ రేగడి గారు అన్న ఆసామి మాట కూడా నిజమే. మా నాన్నగారు ఆ దింపు మనిషి దగ్గర ఎన్నడూ అప్పు రాయించుకోలేదు, ఆయన అవసరానికి ఇచ్చినా అడగలేదు. బహుశా అందుకే ఆ నవ్వు సాధ్యమైంది.

పూర్వం పెళ్లిళ్లలో బంతి భోజనాలప్పుడు ఆడవాళ్లు వియ్యంకుడినీ వియ్యపురాలినీ ఆటపట్టిస్తూ పాటలు పాడేవారు. వియ్యంకుడి బొజ్జను, వియ్యపురాలి పిసినారితనాన్ని ఏకిపారేసేవారు. ఎవరూ కోపగించుకోకూడదు, వంతు వచ్చినప్పుడు అటువైపు వారూ పాడతారు. బావామరదళ్ల పరాచకాలూ అంతే. అక్కడ వరస అనుమతి ఇచ్చింది. అత్తాకోడళ్ల మధ్య ఆ అనుమతి లేదు కనుకనే గేదె అవసరమైంది.

నిర్వాహకులు, గురువారం ఉదయం 6:30

రెండు టపాలు తొలగించాము. ఒక జిల్లా వారందరూ ఇంతే అనే వ్యాఖ్యలు వెటకారంగా రాసినా నిబంధనలకు విరుద్ధమే. విషయం మీదే కొనసాగించగలరు.

అలంకారప్రియ, గురువారం ఉదయం 7:45

వెటకారం తెలుగు నిఘంటువుకే ఏం చేసిందో చూడండి, నాకు ఎప్పటికీ తనివి తీరని విషయం ఇది. 'నిర్వాకం' నిర్వహించడానికి దగ్గరి చుట్టం. ఈ రోజు పత్రికలో 'అధికారుల నిర్వాకం' అన్న శీర్షిక చూస్తే లోపల మంచి వార్త ఉంటుందని ఎవరూ అనుకోరు. 'ఘనకార్యం' అంటే గొప్ప పని. "నువ్వు చేసిన ఘనకార్యం చాలు" అనడానికే మిగిలింది. 'ప్రబుద్ధుడు' అంటే మేలుకున్నవాడు, జ్ఞాని. ఇప్పుడు ఎవరినైనా ఆ మాటతో సన్మానపత్రంలో పొగిడితే ఆయన శాలువా విసిరికొట్టి వెళ్లిపోతాడు. 'వెలగబెట్టడం', 'ఉద్ధరించడం', 'ఒరగబెట్టడం' అన్నీ ఇదే దారిన పోయాయి. తిట్లు పడితే 'అక్షింతలు' పడ్డాయంటాం, చావబాదితే 'దేహశుద్ధి' అంటాం, జైలుకు పోతే 'శ్రీకృష్ణ జన్మస్థానం' చేరాడంటాం, అబద్ధాలకోరు కనబడితే 'సత్యహరిశ్చంద్రుడు' వచ్చాడంటాం. ఒక మంచి మాటను తరాల తరబడి వెటకారంగా వాడితే చివరికి దానిలో మంచి అర్థం అరిగిపోయి, వెటకారమే అసలు అర్థమై కూర్చుంటుంది. అలాంటి మాటలను గుర్తుపట్టడానికి ఏ పరిస్థితీ తెలియనక్కరలేదు. పాలమూరు గారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

ఇక వ్యాకరణం. తెలుగులో 'ట' అనే చిన్న ప్రత్యయం ఉంది. "ఆయనకు తీరిక లేదట" అంటే ఎవరో చెప్పగా విన్నానని మామూలు అర్థం. అదే 'ట' కొంచెం ఒత్తి పలికితే, ఆ మాట నాది కాదు, నేను నమ్మడమూ లేదు, అన్నవాడి మాటను వాడి ముందే ఆడిస్తున్నాను అనే అర్థం వస్తుంది. 1981లో స్పెర్బర్, విల్సన్ అనే ఇద్దరు పండితులు, వ్యంగ్యం అంటే అర్థాన్ని తిరగేయడం కాదని, ఎవరో అన్న మాటనో, అనగలిగిన మాటనో ప్రతిధ్వనింపజేస్తూ దాన్ని తోసిపుచ్చడమని ప్రతిపాదించారు. వాళ్లకు సిద్ధాంతంగా తోచినది మనకు ఒక్క అక్షరంలో ఉంది. దానితోపాటు 'లెండి', 'పాపం', 'కాబోలు', 'మరి' కూడా గమనించండి. "చాలా కష్టపడుతున్నాడు" అంటే పొగడ్త. "పాపం, చాలా కష్టపడుతున్నాడు" అంటే ఆగి ఆలోచించాలి.

సీమ రేగడి, గురువారం మధ్యాహ్నం 2:15

అలంకారప్రియ గారూ, మాట అరిగిపోవడం గురించి చెప్పారు కనుక మా జిల్లా పక్క సంగతి ఒకటి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. అందులో ఆయన బిరుదు దేవానాంప్రియుడు, అంటే దేవతలకు ఇష్టమైనవాడు. తర్వాతి కాలపు సంస్కృత వ్యాకరణ గ్రంథాల్లో అదే మాటకు మూర్ఖుడు అనే అర్థం ఎక్కింది. చక్రవర్తి బిరుదుకే దిక్కు లేనప్పుడు నిర్వాకానికి ఏడవడం ఎందుకు?

అయినా నా అభ్యంతరం అలాగే ఉంది. బలహీనుడు బలవంతుడి మీద ప్రయోగిస్తే వ్యంగ్యం గొప్పదని ఒప్పుకుంటాను. తలకిందులైతే ఒప్పుకోను.

అలంకారప్రియ, గురువారం సాయంత్రం 5:30

మీ మాటతో నాకు పేచీ లేదు. మన సాహిత్యంలో దీనికి నిందాస్తుతి అని గౌరవమైన చోటే ఉంది. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం నిండా కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువును నిందిస్తున్నట్టే కనబడుతూ పొగుడుతాడు. అంతకన్నా మనసును పట్టేది భద్రాచల రామదాసు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ, రాముడికి చేయించిన ఒక్కొక్క నగకూ లెక్క చెప్పి, ఎవరి తండ్రి సొమ్మని అలంకరించుకుని కులుకుతున్నావని దేవుణ్ని నిలదీస్తాడు. వెంటనే అదే కీర్తనలో, తిట్టానని బాధపడవద్దు, దెబ్బలకు ఓర్వలేక అన్నానని బతిమాలుకుంటాడు. ఎత్తిపొడుపు, దాని వెంటే క్షమాపణ. అంతటి చనువు ఉన్నచోట కూడా ఆ రెండో మాట అవసరమైంది చూశారా?

కీబోర్డు కూలీ, గురువారం రాత్రి 9:15

ఎదురుగా ఉన్నప్పుడే ఇంత కష్టమైతే వాట్సాప్‌లో ఇంకెంత? 2005లో అమెరికాలో క్రూగర్, ఆయన సహచరులు ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరు విద్యార్థులు కొన్ని వాక్యాలను మామూలుగానూ, వెటకారంగానూ ఈమెయిల్లో పంపారు, మరికొన్ని నోటితో చదివి వినిపించారు. ఏ విధంగా చెప్పినా సుమారు 78 శాతం సరిగ్గా అర్థమవుతాయని చెప్పినవారి అంచనా. నోటి మాట విషయంలో 73 శాతం దాకా నిజమైంది. ఈమెయిల్లో 56 శాతమే. నాణెం ఎగరేసి చెప్పినా 50 వస్తుంది కదా! రాసేటప్పుడు మన గొంతు మనకు లోపల వినిపిస్తూనే ఉంటుంది. ఆ గొంతు అక్షరాలతో పాటు వెళ్లదని మరిచిపోతాం.

మా అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకాయన, "మూడు రోజులుగా నీటి సమస్య లేకుండా చేసిన కమిటీ వారికి అభినందనలు, నీరే లేనప్పుడు సమస్య ఎక్కడిది" అని రాశారు. కోశాధికారి గారు మొదటి వాక్యం వరకే చదివారో ఏమో, చేతులు జోడించిన బొమ్మ పెట్టి, "అంతా మీ సహకారం" అని బదులిచ్చారు. దాని కింద పదకొండు మంది పువ్వులు పెట్టారు. అందులో ఎంతమంది నిజంగా పెట్టారో, ఎంతమంది వెటకారంగా పెట్టారో ఈ రోజుకీ తేలలేదు. ఇంగ్లీషు వేదికల్లో వాక్యం చివర ఒక గీతా, ఎస్ అక్షరమూ పెట్టి, ఇది వెటకారమని ప్రకటించే అలవాటు ఉంది. నాకు అది జోకు చెప్పి "ఇది జోకు" అన్నట్టు ఉంటుంది కానీ, గొడవల కన్నా నయమే.

నా ఉద్యోగం వినియోగదారుల అభిప్రాయాలను కంప్యూటరుతో మంచివి, చెడ్డవి అని వర్గీకరించడం. "అద్భుతమైన సేవ, మధ్యాహ్నం చెప్పిన బిర్యానీ రాత్రి భోజనానికి అందింది" అన్న వాక్యాన్ని యంత్రం మంచి అభిప్రాయాల్లో వేసింది. దానికి 'అద్భుతం' కనబడింది. మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య కాలిన కడుపు కనబడలేదు. పాలమూరు గారూ, మీరు ఒంటరివారు కారు.

పాలమూరు ప్రవాసి, మరుసటి మంగళవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారాలు. వారం రోజులుగా ప్రతి టపా రెండు మూడుసార్లు చదివాను. చదువుతుంటే ఒకటి తట్టింది. మా వైపు వెటకారం లేదని నేను అనుకోవడమే పొరపాటు. మా అమ్మ "మంచిగ చేసినవ్ తియ్" అన్నదంటే నేను ఏదో పగలగొట్టానని అర్థం. ఆ 'తియ్' అన్న మాట ఎన్నిసార్లు వీపు మీద పడిందో లెక్క లేదు. అక్కడ దాన్ని వెటకారమని ఎప్పుడూ అనుకోలేదు, అమ్మ మాట అనుకున్నాను. ఇక్కడ 'అండీ' వినబడేసరికి అన్నీ మర్యాదలే అనుకున్నాను.

అసలు సంగతి ఇప్పుడు. నిన్న మా పక్క బల్ల ఆయనను గట్టిగా పట్టుకుని అడిగాను, సార్‌కు నా మీద ఇంకా కోపం పోలేదా అని. ఆయన నన్ను వింతగా చూశారు. కోపం కాదట. ఆ రోజు నేను లేచి నిలబడి, "మీరొక్కరే గుర్తించారు" అన్నానే, అది నేను తిరిగి వేసిన వెటకారం అని సార్ అనుకున్నారట. "కుర్రాడు మెత్తగా కనబడతాడు కానీ ఒక్క మాటతో నలుగురిలో నా నోరు మూయించాడు" అని క్యాంటీన్‌లో అన్నారట. ఇన్నాళ్లూ ఆయన ముక్తసరిగా ఉన్నది, ఇంకొకటి ఎక్కడ తగులుతుందోనని. నా జీవితంలో అంత నిజాయితీగా చెప్పిన థాంక్యూ ఇంకొకటి లేదు!

ఇవాళ ధైర్యం చేసి ఆయన గదిలోకి వెళ్లి, ఆ రోజు నేను నిజంగానే కృతజ్ఞతలు చెప్పానని, అందులో ఇంకే ఉద్దేశమూ లేదని వివరించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మీరు చెబితే నమ్మకపోవడమా అండీ" అన్నారు. గొంతు మారలేదు. మొహం మారలేదు. మీరు చెప్పిన ఆనవాళ్లన్నీ వరసగా మనసులో తిప్పి చూశాను. 'అండీ' రోజూ ఉండేదే, 'పాపం' లేదు, 'ట' లేదు. ఇది ఏ కోవలోకి వస్తుందో దయచేసి చెప్పండి.

మాట సవరణ, మంగళవారం రాత్రి 9:45

నేరుగా వెళ్లి చెప్పడం మంచి పని చేశారు. నిజంగానే అంటున్నాను.

కోనసీమ కొబ్బరాకు, మంగళవారం రాత్రి 10:10

మాటను వదిలేయండి. ఆ మాట అన్న తర్వాత కూర్చోమన్నారా, నిలబెట్టే పంపించేశారా?

పాలమూరు ప్రవాసి, మంగళవారం రాత్రి 10:14

కుర్చీ చూపించారు. టీ కూడా తెప్పించారు. పంచదార లేని టీ. ఆయనకు షుగర్ ఉంది, రెండు కప్పులూ ఒకేలా వచ్చాయి.

కోనసీమ కొబ్బరాకు, మంగళవారం రాత్రి 10:20

అయితే నమ్మారండీ. వెటకారానికి మేం మర్యాదలు ఎన్నయినా చేస్తాం కానీ, మా కప్పులోది తెచ్చి పోయం. ఇంతకీ ఈ నెల నివేదిక ఎన్నో తారీకున ఇస్తున్నారు?